ఆయన పక్కన నా జాగా

గుండె బలం తగ్గిందని డాక్టరుగారు చెప్పిన దగ్గర నుంచి నేను సర్దుకోవడం మొదలుపెట్టాను. తెల్లచీర ఉతికించి ట్రంకుపెట్టెలో పెట్టాను. నన్ను మట్టి చేసే నాడు ఏ పాటలు పాడాలో కోడలు మేరీకి చెప్పి, ఒప్పజెప్పించుకున్నాను. ప్రభువు పిలిస్తే వెళ్ళడానికి భయం లేదు. ఒక్కటే మిగిలింది. అద్దంకి అవతల మా ఆయన సొంతూళ్ళో, సమాధుల తోటలో, ఆయన పక్కన నా జాగా ఉంది. దాన్ని ఒకసారి కళ్ళారా చూసుకుని రావాలనిపించింది.

ఆ ఊళ్ళో సమాధులకి కాగితాలేమీ ఉండవు. భర్త పక్కన చోటు ఉంచుకోవాలంటే భార్య అక్కడ ఒక పూలమొక్క నాటుతుంది. మొక్క ఉన్నచోట ఎవరూ గడ్డపార వెయ్యరు. నేను నందివర్ధనం నాటి, నీళ్ళు పొయ్యమని మా మరిది యాకోబుకి అప్పజెప్పి వచ్చాను. అది నల్లరేగడి నేల, ఎండల్లో రోజూ బిందెడు పోస్తేనే మొక్క నిలుస్తుంది. ఆ తరవాత ఒంట్లో బాగోక నేను మళ్ళీ వెళ్ళలేకపోయాను. ఫోన్లో ఎప్పుడడిగినా "బాగానే ఉందిలే వదినా" అనేవాడు.

మిరపకోతలు జోరుగా సాగే రోజులవి. పొద్దున్నే ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు చేరాను. మేరీ తోడొస్తానంది గానీ నేనే వద్దన్నాను. ఆయన దగ్గర కాసేపు ఒక్కదాన్నే కూర్చోవాలని. ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఆధార్ కార్డు మరవకండి, అది చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొడతాడు. సీటు మాత్రం ఎవరికి వాళ్ళు సంపాదించుకోవాల్సిందే. బస్టాండు బయట ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, ఎనిమిదిన్నరకి అద్దంకి బస్సెక్కాను. సంచిలో సున్నం పొట్లం, పాత కుంచె ఉన్నాయి. ఆయన సమాధి తెల్లగా చేసి రావాలి కదా.

చిలకలూరిపేటలో మూటలతో కోతకూలీలు ఎక్కారు. వాళ్ళ మూటల్లోంచి వచ్చిన ఘాటుకి బస్సంతా తుమ్ములే. ఒకావిడ నా పక్కన కూలబడింది. వాళ్ళది ఎమ్మిగనూరు దగ్గర పల్లెట. జొన్నరొట్టె తుంచి సగం నాకు పెట్టి, యాడికి పోతుండావవ్వా అని అడిగింది. చెప్పాను. పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బతికినప్పుడే సొంత జాగా లేదు మాకు. నువ్వు సచ్చినాక పండుకునే జాగా సూసుకునేదానికి బస్సెక్కినావా!"

నాకూ నవ్వొచ్చింది. రొట్టె బాగుంది, పైన కారం మాత్రం దడ పుట్టించింది. ఆవిడ దిగేటప్పుడు, "జాగా మంచిగుండాలిలే అవ్వా" అని దీవించినట్టే అని దిగింది.

అద్దంకి చేరేసరికి పదకొండు. అక్కణ్ణించి షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు, అవతల కట్టె మిగిలిన పత్తిచేలు. ఊరి మొదట్లో యాకోబు ఎదురొచ్చి నా సంచి అందుకున్నాడు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి, ఆ పూట నా ముందు గబగబా నడిచి ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళావిడ గోంగూర పప్పుతో అన్నం పెట్టింది గానీ నా మొహంలోకి చూడలేదు. ఎండ తగ్గాక వెళ్దామన్నారు. నేను ఆగలేదు.

తోటలో ఆయన సమాధి అలాగే ఉంది. పక్కన నందివర్ధనం లేదు. కుంగిన మట్టిదిబ్బ, దాని తల దగ్గర తీగతో కట్టిన పత్తికట్టె సిలువ ఉన్నాయి. ఆయనకి అటు పక్క మా అత్తగారు. ఇంక చోటు లేదు.

యాకోబు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. పోయిన ఎండాకాలం కోతలకొచ్చిన ఒక మనిషి చేలో పడి, వడదెబ్బకి ప్రాణం వదిలింది. మన విశ్వాసే, ప్రభువుని నమ్ముకున్న మనిషి. వెంట ఉన్నది కూతురొక్కతే, సొంతూరు తీసుకెళ్ళే దారి లేదు.

"నలుగురం తవ్వాం వదినా. ఎక్కడేసినా గడ్డపార ఎగిరి పడిందే గానీ నేల దిగలేదు. ఆ ఎండకి శవం చూస్తే ఆగేట్టు లేదు. తోట మొత్తం మీద మెత్తగా ఉన్నది ఇదొక్కటే."

"నువ్వు నీళ్ళు పోసిన చోటు."

"నీకు పోసిన నీళ్ళే వదినా."

మొక్కని పెకలించి, ఇక నా చోటు అదేనని గోడవార నాటాడట. బతకలేదు. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు వింటే నోరు రాలేదన్నాడు. ఆ మనిషి పేరు సుగుణమ్మట.

నేను సున్నం కలుపుకుని ఆయన సమాధికి వేశాను. రెండింటికీ మధ్య కూర్చోవడానికి చోటు లేక, నా పాదం ఒకటి ఆవిడ మట్టి మీదే ఆనింది. కడబూర మోగి, పోయినవాళ్ళంతా సమాధుల్లోంచి లేచే రోజున ఆయన లేచి పక్కకి తిరుగుతారు. ముక్కూ మొహం తెలియని మనిషి కనపడుతుంది. "ఎవరమ్మా నువ్వు?" అంటారు. అప్పుడు నేను గోడవార నుంచి కేకెయ్యాలి. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఒక్కదాన్నే ఆయనతో మాట్లాడుకోవాలని వచ్చాను. పరాయి మనిషి పక్కన ఉంటే ఏం మాట్లాడను?

బయల్దేరేటప్పుడు యాకోబు, "గోడవార నీకు ఇంకో మొక్క నాటనా వదినా?" అన్నాడు.

"నాటు. నీళ్ళు కూడా పొయ్యి. ముందు ఎవరికి అవసరమైతే వాళ్ళే పడుకుంటారు."

అలా అన్నాను గానీ, నాలుగింటి బస్సు అద్దంకి దాటినా నా మనసు ఆ మాట వెనక నడవలేదు. లేస్తానని నాకు నమ్మకం ఉంది, అందులో అనుమానం లేదు. ఆ లేచేదాకా పడుకునే నిద్ర ఆయన పక్కన కాదే అన్నదే బాధ. సుగుణమ్మ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పొద్దుట రొట్టె పెట్టినావిడ మొహమే ఆవిడకీ ఊహించుకున్నాను. గోళ్ళలో సున్నం అలాగే ఉండిపోయింది.

చిలకలూరిపేట దాటాక మేరీ ఫోన్ చేసింది. "జాగా చూసుకున్నారా అత్తయ్యా? ఎలా ఉంది?"

నిజం నోటిదాకా వచ్చింది. దాని గొంతులో సంతోషం విని ఆగిపోయాను.

"బాగానే ఉందిలేమ్మా" అన్నాను.