కస్తూరి కోసం కొండెక్కిన ఏడాది

నిన్న నీ కూతురు పాలు కక్కితే, కస్తూరి మాత్ర అరగదీసి నాకించమన్న ఎదురింటామె మీద నేనెందుకంత కసిరానని అడిగావు కదా మనవరాలా, కూర్చో, చెబుతాను, రాసుకో. ఇంత వయసొచ్చాక దాచి ఏం చేసుకుంటాను.

మీ నాన్నకంటే ముందు నాకొక కొడుకుండేవాడు. ఎనభైల నాటి మాట. రెండేళ్లు నిండీ నిండకుండానే వాడికి మూర్ఛలు మొదలయ్యాయి. కళ్లు తేలేసి కట్టెలా బిగుసుకుపోయేవాడు. సిద్దిపేట బజారులో మాది వనమూలికల దుకాణం, చుట్టుపక్కల పిల్లలందరికీ కస్తూరి మాత్రలు మా దగ్గరే కొనేవాళ్లు, అయినా మా అత్తే ఒకరోజు తలుపు దగ్గరకు వేసి, "మన మాత్రలల్ల కస్తూరి యాడిది పిల్లా, ఉత్త వాసన. అసలుది మంచు కొండలల్ల దొరుకుతదట, పోయి తెచ్చుకోన్రి" అన్నది. హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని డాక్టరు చెప్పినా మేము వినలేదు. బిడ్డను అత్త దగ్గర వదిలి, బదరీ యాత్ర అని అందరికీ చెప్పి బయలుదేరాము.

దర్శనమయ్యాక, ఇంకా పైన జంతువుల కోసం సర్కారు కాపాడే నేషనల్ పార్కు ఉందని, కస్తూరి జింకలు అక్కడే తిరుగుతాయని అంటే, యాత్రికుల్లా ఒక గార్డు వెంట నడిచాము. నాలుగడుగులకే ఊపిరి అందేది కాదు. చెట్లు అయిపోయి గడ్డి మొదలైన చోట నెమలి మెడ రంగులన్నీ ఒంటినిండా పూసుకున్న కొండకోడి ఒకటి లేచిపోయింది, బండల మీద అడవి గొర్రెలు నిలబడి మమ్మల్నే చూశాయి, నాకవేవీ పట్టలేదు. అప్పుడు పొదల్లో తీగ ఉచ్చుకు చిక్కిన కస్తూరి జింక కనబడింది. చిన్న మేకంత ఉంది, మెడ కోసుకుపోయినా ఊపిరి ఆడుతోంది. మీ తాత తనకొచ్చిన ఉర్దూలో గార్డును ఏదో అడిగి, నా వైపు తిరిగి, "ఆడిదట. కస్తూరి మొగదానికే ఉంటదట. ఉచ్చుకేం ఎరుక అంటుండు" అన్నాడు. వంగి చూస్తే పొదుగు నిండుగా ఉంది, పాలు కారుతున్నాయి. తీగ విప్పేలోపే అది చచ్చిపోయింది. దాని పిల్ల కోసం గార్డూ నేనూ పొద్దు వాలేదాకా పొదలన్నీ వెతికాము, దొరకలేదు.

అది చూశాకైనా బుద్ధి రావాలి. రాలేదు. కొండ దిగాక బస్సు ఆగిన చోట ఒకడు శాలువా చాటున, మొగ జింక పొట్ట కింద నుంచి కోసిన బొచ్చున్న కస్తూరి కాయ చూపించాడు.

"ఇడిసిపెట్టు, పాపం తగులుతది" అన్నాడు మీ తాత.

"పాపం నాకు తగలనీ, పోరడు బతకనీ" అని నేనే తీసుకున్నాను. అసలుదే. ఇంటికి తెచ్చి దాచిన డబ్బా మూత తీస్తే ఇల్లంతా వాసన. రోజూ తేనెలో అరగదీసి నాకించాను. వాడు శ్రావణం దాటలేదు.

ఇప్పుడు మూర్ఛకు గోలీలు మన సిద్దిపేటలోనే దొరుకుతున్నాయి, అవి వేసుకుని పిల్లలు బడికి పోతున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. దేవుడి కంటే దవాఖానకే ఎక్కువ భయపడ్డ కాలం మాది, పోయింది, మంచిదే. వాడికి మిగిలిన ఆ కొన్నాళ్లలో ఇరవై రోజులు నేను దారిలోనే గడిపాను, అదే నాకు పోదు. ఇంటికొచ్చి చేతులు చాస్తే, నన్ను గుర్తుపట్టక వాడు మా అత్త కొంగు వెనక దాక్కున్నాడు.