నలభై ఆరో పేజీ వెనుక

దయ్యాలు, గాలి సోకుడు అసొంటి ముచ్చట్లు నేను ఎన్నడూ నమ్మలే. ఇప్పటికీ నమ్మ. మా బాపు కరీంనగర్ దిక్కు బట్ట నేసే సాంచెలు నడిపేటోడు. నేను ఐటీఐ చేసి ఎలక్ట్రిషన్ అయిన. టెస్టర్ పెడితే కరెంటు ఉంటే వెలుగుతది, లేకుంటే వెలగది. నాకు తెలిసిన సంగతి గంతే. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

ఆదిలాబాద్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లుల పనికి కుదిరిన. పత్తిని నొక్కి బేళ్లు కట్టే పెద్ద ప్రెస్సు ఉన్నది అండ్ల. నూనె ఒత్తిడితోని పైకి లేచే ఇనుప దిమ్మె, మనిషి కన్న ఎత్తు పెట్టె. దాన్ని నడిపే కరెంటు ప్యానెల్ తలుపు మొదటి రోజే తీసి చూసిన. వందల వైర్లు. సగం వాటికి నంబర్లు రాలిపోయినయ్. డ్రాయింగు లేదు. బిగించిన కంపెనీ ఎప్పుడో మూతబడ్డది.

నాకంటే ముందు శంకరన్న అని ఒకాయన చూసేటోడట. ఇరవై ఏండ్లు ఏ వైరు ఎక్కడ మార్చినా అంతా ఆయన తలకాయలనే. నేను చేరకముందే జబ్బు చేసి చనిపోయిండు. నేను ఆయన్ని చూడనే లేదు.

ఏమన్నా కాగితాలు దొరుకుతయేమో అని ఉట్నూర్‌ల వాళ్ల ఇంటికి పోయిన. ఆయన భార్య చాయ్ పోసి ఇచ్చి, "కాగితాలా బిడ్డా? మా ఆయన పెన్ను పట్టంగ నేనెన్నడూ చూడలే. ఎవలన్నా అడిగితే నోటితోని చెప్పేటోడు" అన్నది.

ఇగ నేనే గీసుకోవాలె అనుకున్న. ఎండకాలం, మిల్లు బందున్నది. ఒక లాంగ్ నోటుబుక్కు కొని, ఒక్కో వైరును చివరిదాక పట్టుకొని పోయి, నంబరు కట్టి, బొమ్మ గీసుడు మొదలుపెట్టిన. పేజీకి ఒక దిక్కే రాసేటోన్ని. నా పెన్ను సిరా వెనుకకు ఊరుతది. పైన మూలకు పేజీ నంబరు ఏస్తుంటి.

ఒకరోజు పొద్దున నలభై ఏడో పేజీ గీసిన. ఎడమ దిక్కు, అంటే నలభై ఆరో పేజీ వెనుక, ఉత్తగనే ఉండె. నా చేయి దాని మీదనే ఆనిచ్చి గీసిన.

మధ్యాహ్నం ఫిట్టర్ దానియేలన్న వచ్చిండు. ప్రెస్సు పెట్టె లోపల పలక మార్చాలె. అందుకే దిమ్మెను పైకి లేపి ఆపినం. నేను మెయిన్ స్విచ్చు దించిన, తాళం ఏసిన, టెస్టర్ పెట్టి చూసిన. కరెంటు లేదు. జారి పడకుండ దిమ్మె కింద దుంగ పెట్టాలె. పెట్టలే. అది మా తప్పే, దాచను. అన్న ఎప్పటిలెక్కనే కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకొని లోపలికి దిగిండు.

నేను స్టూలు మీద కూసొని నోటుబుక్కు తెరిచిన. నలభై ఆరో పేజీ వెనుక బొమ్మ ఉన్నది.

నా సిరా. నా చేతిరాత. ప్రెస్సుల నూనె ఆపే వాల్వు నుంచి ఒక గీత బయటికి పోయి, పక్క కంప్రెసర్ గది గోడ దగ్గర ఆగింది. అక్కడ ఒక రిలే, అంటే దానంతటదే కరెంటు కలిపే చిన్న స్విచ్చు. కింద రాసి ఉన్నది: 'గోడ లోపల. మెయిన్ తీసినా దీనికి కరెంటు వస్తది.'

నేనైతే ఆ బొమ్మ గీయలే. ఆలోచన సుత చేయలే.

"అన్నా, బయటికి రా!" అని ఒర్లిన.

"ఏమైంది తమ్మీ, ఇంక రెండు బోల్టులే."

"జర రా అన్నా, దండం పెడుత, రా!"

తిట్టుకుంటనే ఎక్కి వచ్చిండు. నేను మళ్ల టెస్టర్ పెట్టిన. వెలగలే. అన్న నవ్విండు. "ఎండ తలకెక్కిందా?" అని మళ్ల లోపలికి కాలు పెట్టబోయిండు. నేను చెయ్యి పట్టుకొని ఇడువలే.

అప్పుడే పక్క గదిల, మిల్లు ఊడ్చే సక్కుబాయి దుమ్ము ఊదనీకి గాలి కంప్రెసర్ చాలూ చేసింది. రోజూ చేసే పనే. వాల్వు టక్కుమన్నది. దిమ్మె దబ్బున కిందికి దిగింది. అన్న సుత్తె లోపలనే ఉండె, దాని కట్టె పిండి పిండి అయింది.

చప్పుడుకు సక్కుబాయి "కాయ్ జాలా, ఏమైంది?" అనుకుంట ఉరికొచ్చింది. అన్న నేల మీద కూసొని ఉన్నడు. నేను పోయి కంప్రెసర్ బందు చేసిన.

తెల్లారి మేనేజర్ ముంగట ఆ గోడ పగులగొట్టించిన. ప్లాస్టరింగు కింద ఇనుప డబ్బా, అండ్ల రిలే, బొమ్మల ఉన్న చోటనే. దానికి కరెంటు కంప్రెసర్ లైను నుంచి వస్తున్నది, కంప్రెసర్ నడిస్తేనే. డబ్బా మూత మీద సిమెంటు గడ్డకట్టి ఉన్నది. నేను చేరకముందే కొన్నేండ్ల కింద ఆ గోడ పూసిన్రని మేనేజరే చెప్పిండు. బయట నుంచి చూస్తే అక్కడ ఏ గుర్తూ లేదు.

"నువ్వే గీసి మరిచిపోయినవ్" అన్నడు మేనేజర్. అట్ల అనుకోవాలని నాకూ ఉన్నది. గోడ పగులగొట్టకుండ ఆ డబ్బా నాకెట్ల తెలుస్తది? పైగా ఆ పొద్దుగాల ఆ పేజీ ఉత్తగుండుడు నా కండ్లతోని చూసిన. బుక్కు నా సంచిలనే ఉండె, భోజనానికి పోయినా ఎంటనే ఉండె.

సక్కుబాయి మాత్రం శంకరన్న పేరు చెప్పి మొక్కింది. దానియేలన్న ఆ సంగతి ఎన్నడూ ఎత్తడు. ఇప్పుడైతే దుంగ పెట్టంది దిగడు, దిగేముందు నా దిక్కు ఒకసారి చూస్తడు.

ఆ పేజీకి ప్లాస్టిక్ కవర్ ఏయించి ప్యానెల్ తలుపుకు లోపల అంటించిన. ప్యానెల్ తెరిచినోళ్లు చూసి, ఎవరు గీసిన్రు, మంచిగున్నది అంటరు. నేనే గీసిన అని చెప్త. రాత నాదే. ఎప్పుడు గీసిన్నో మాత్రం ఇయ్యాల్టిదాక నాకు తెలువది.