మూగ ప్రసంగం

కాలేజీ హాల్లో వీడియోలు వేసే ఆపరేటరు ముందుగా మౌస్‌ని జేబురుమాలుతో తుడుస్తాడు. మొదటి మాట వినబడేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు. ఏ వీడియో ఫైలైనా ఆడాలని నాలుగు ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు పరీక్షించి, పాతదాని బదులు ఒకటి ఎంచి కంప్యూటర్లో పెట్టుకున్నాడు.

"ఎవర్నడిగి పెట్టావయ్యా? తీసేయ్, పాతదే ఉండనీ!" అని ప్రిన్సిపాల్ అందరిముందూ దులిపేశాడు. ఆపరేటరు తీసేశాడు, మనసులో మాత్రం పెట్టుకున్నాడు.

వార్షికోత్సవానికి ప్రిన్సిపాల్ తన ప్రసంగాన్ని వీడియో తీయించి పంపాడు. పాత ప్లేయర్లో ఆ ఫైలుకి బొమ్మే తప్ప మాట రాదని ఆపరేటరు ముందురోజే చూసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

నిండు సభలో తెరమీద ప్రిన్సిపాల్ నోరు చేపలా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు.

"మాటేదయ్యా?" అని ముందు వరసలోంచి ప్రిన్సిపాల్ అరిచాడు.

"మీరు ఉండనిమ్మన్నదే ఉంచాను సార్," అన్నాడు ఆపరేటరు, మౌస్ తుడుస్తూ. ఆ వీడియోకి మాత్రం అతను ఊపిరి బిగబట్టలేదు.