పుచ్చులేని వంకాయ

మా అవ్వ దేవకమ్మ దేవుడి దీపం కంటే ముందు వంగతోట ముఖం చూసేది. తెల్లవారగానే మొక్క మొక్కకూ వంగి, వాడి వాలిన కొసలు గిల్లి ఒడిలో వేసుకునేది. ఆ కొసల్లోనే పురుగు ఉంటుంది. వదిలేస్తే కాయలోకి దిగుతుంది. గిల్లినవన్నీ పొయ్యిలో వేసి, "పోండి, మీ అత్తగారింటికి!" అని తిట్టేది. కోడళ్లను కూడా అంత ముద్దుగా ఎన్నడూ తిట్టలేదు. అందుకే ఆమె గంపలో పుచ్చిన కాయ ఉండేది కాదు. తిరుపతిలో మెస్సు నడిపే కుప్పయ్య గుత్తివంకాయ కూరకు పదేళ్లుగా ఆమె దగ్గరే కొనేవాడు.

2009 చలికాలంలో బీటీ వంకాయ వస్తోందని గోల మొదలైంది. ఏదో సూక్ష్మజీవి గుణాన్ని విత్తనంలో కలిపారట, కాయ కొరికితే పురుగు చచ్చిపోతుందట. దాన్ని వద్దనడానికి తిరుపతిలో సభ పెట్టి, చంద్రగిరి పక్కనున్న మా ఊరికి కూడా జీపు పంపారు. అవ్వ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. రైతుల్లో ఎవరైనా మాట్లాడతారా అని అడగడమే ఆలస్యం, మైకు దగ్గరికి పోయింది. నిజానికి ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"పురుగు ముట్టని కాయ మనిషి ముట్టగూడదు!" అనింది.

చప్పట్లే చప్పట్లు. మరునాడు ఫోటోతో సహా ఆ మాట పేపర్లో వచ్చింది. వారం రోజులు ఇంట్లో ఎవరమూ ఆమెతో వేగలేకపోయాం.

ఆ విత్తనం ఇంకా అమ్మకానికే రాలేదు. భయం మాత్రం ముందే బజారుకు వచ్చేసింది. ఒక పొద్దున తిరుపతి మార్కెట్లో అవ్వా నేనూ గంప దించగానే, కుప్పయ్య మా కాయ ఎత్తి, అటూ ఇటూ తిప్పి, కింద పెట్టేశాడు.

"ఏమక్కా, ఒక్క బొక్క గూడా లేదే?"

"యానాడన్నా ఉన్నిందా అబ్బా?"

"అప్పుడు వేరే. మెస్సుకొచ్చేవాళ్లు ఇది బీటీనా అని అడగతాండారు. పురుగు ముట్టంది తినగూడదని నువ్వేగదా చెప్పింది? పేపర్లో సూసినా."

పక్కన కూర్చునే నాగులమ్మ గంపలో సగం పుచ్చులే. కుప్పయ్య వాటినే ఏరి ఏరి కొన్నాడు. నాలుగు రోజులు గంప నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది. బర్రెలు మాత్రం బీటీయా కాదా అని అడక్కుండా తిన్నాయి.

అవ్వ ముఖం చూడబుద్ధి కాలేదు నాకు. ఎనిమిదో తరగతి తప్పిన బుర్రకు ఒక ఉపాయం తట్టింది. ఐదో రోజు గంప ఎత్తకముందే పిన్నీసుతో కాయకో బొక్క పొడిచాను.

"ఇదో, ఇప్పుడు కాయ కాయ మాదిరి ఉండాది!" అంటూ కుప్పయ్య సంచి తెరిచాడు.

అవ్వకు అనుమానం వచ్చి ఒక కాయ విరిచింది. బొక్క కొంచెం దూరం పోయి ఆగిపోయింది. లోపల పురుగూ లేదు, దాని రెట్టా లేదు. ఆమె నా వైపు చూసింది. నేను అలిపిరి వైపు చూశాను.

ఊరకుంటే గంప ఖాళీ అయ్యేది. అవ్వ కుప్పయ్య సంచి పట్టుకుంది.

"ఉండబ్బా. ఇవి పురుగు తొలిసిన బొక్కలు కాదు. మా కోతి పిన్నీసుతో పొడిసింది."

కుప్పయ్య నోరు తెరిచాడు.

"మీటింగులో నేనే తప్పు చెప్పినా. నా కాయను పురుగు ముట్టకుండా నేను కాసుకుంటా. రేపు తెల్లారతానే తోటకి రా, సూపిస్తా."

"అయితే ఆ బీటీ మంచిదే అంటావా?"

"ఆ మాట నేనెప్పుడంటి? దాని సంగతి నాకు తెలీదు. తెలీనిదాన్ని వద్దంటా. నా కాయ సంగతి నాకు తెలుసు."

కుప్పయ్య సంచిలోవి గంపలో కుమ్మరించి వెళ్లిపోయాడు. మరునాడు తోటకు రాలేదు. అవ్వ మాత్రం ఆ పొద్దున దారి చూస్తూ, కొసలు గిల్లడం ఆలస్యంగా మొదలుపెట్టింది.

ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ వంకాయను ఆపింది. పేపర్లో చదివి కుప్పయ్య నవ్వుకుంటూ వచ్చాడు. అప్పటికి మా తోటలో కాపు తగ్గిపోయింది. ఉన్న కాసిని కాయలూ అవ్వ తూచి ఇచ్చింది.

"గెలిసినాం గదవ్వా, ఇంకేమి?" అన్నాను తిరుగు బస్సులో.

"ఆపింది మంచిదేలే," అనింది. కిటికీ వైపు తిరిగి, "మైకులో నేనన్న తప్పుమాట నమ్మినాడు. ఎదురుగా నిలబడి నిజం చెప్తే నమ్మలా," అనింది.

చంద్రగిరి వచ్చేదాకా ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.