చంక బిడ్డల బడి

అనకాపల్లికి బెల్లం తోలుకెళ్తున్న బండివాడు చోడవరంలో మా బడి ముందు ఎద్దుల్ని నిలిపి, లోపలికి వచ్చి తలపాగా తీశాడు.

"మేస్టారూ, మామ్మ ఎలిపోయింది. నిన్న పొద్దున్న అంబలి తాగి గోడకి జేరబడింది. అలాగే ఒరిగిపోయింది" అన్నాడు.

పాఠం ఆపి కూర్చుండిపోయాను. మామ్మ నాకు చుట్టం కాదు. రోలుగుంట దారిలో గెడ్డ అని పిలిచే వాగుకి అవతల ఉన్న చిన్న పల్లెలో, చోడవరం బదిలీ కాకముందు నేను అద్దెకున్న ఇల్లు ఆవిడది. పల్లెంతా మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నన్ను ఆ పల్లె బడికి వేశారు. బడి అంటే తాటాకు పాక, ముందు ఒక మట్టి అరుగు. మగపిల్లలు కొందరు వచ్చేవారు. ఆడపిల్ల ఒక్కతీ లేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు బడంతా కలయజూసి, "మళ్లీ వచ్చేసరికి ఇలాగే ఉంటే బడి ఎత్తేయమని రాయాల్సి వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయారు. బడి పోతే ఆ పసివాళ్లు గెడ్డ దాటి ఇంకో ఊరు పోయి చదువుకోవడం జరిగే పని కాదు.

సాయంత్రం ఈ సంగతి చెబుతుంటే మామ్మ బియ్యం చెరుగుతూ విన్నది.

"ఆడగుంటలకి సదువు మీద మనసు లేక కాదు బాబూ. ఆళ్ల సంకలు ఖాళీ లేవు" అంది.

నిజమే. తల్లులు చెరుకు తోటలకూ వరి చేలకూ పోతే చంటిపిల్లల్ని మోసేది అక్కలే. చిన్నప్పుడు మామ్మ కూడా తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ అలాగే మోసిందట. "నా నడుం అప్పుడే వంగిపోయింది. ముసలితనం కొత్తగా వంచిందేటీ లేదు" అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి, పనికి పోయే ఆడవాళ్లను ఆపి, చంటిపిల్లల్ని తనకి అప్పగించి పొమ్మంది. నూకాలు అనే పిల్ల తల్లి, "బిడ్డని నీకిచ్చి ఏటి సెయ్యాలి మామ్మా?" అంది.

"బడి అరుగు మీద ఉయ్యాలేస్తాను. ఏడిస్తే ఊపుతాను, ఆకలేస్తే గంజి పోస్తాను. నీ గుంటని లోపల కూకోబెట్టు."

పక్కనున్నామె సందేహపడింది. "అందరి పిల్లల్నీ ఒక్క సోటేనా? కులం గిలం సూడవా?"

"ఏడుపుకి కులముంటాదేటే" అంది మామ్మ.

ఆ రోజు నూకాలు తమ్ముడొక్కడే వచ్చాడు. మామ్మ తన పాత చీర వాసానికి కట్టి వాణ్ణి ఊపింది. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే బయట ఆవిడ అవే ఎక్కాలను జోలపాటగా మార్చేసింది. క్రమంగా అరుగు నిండా ఉయ్యాలలు వేలాడాయి. ఇంకొందరు ముసలమ్మలు ఊపడానికి వచ్చారు. అక్షరాలు నేర్పుతానని మామ్మతో నేనంటే, "నాకెందుకు బాబూ, సెవులున్నాయి కదా" అనేది.

వానలకు పాక కారింది. కొత్త తాటాకు కావాలని అంతకుముందు నేను అడిగితే కదలని మగవాళ్లు, తమ బిడ్డలు తడుస్తున్నారని తెలిసి మోపులు మోసుకొచ్చి కప్పేశారు. బడి తమదన్న సంగతి వాళ్లకు అప్పుడు తెలిసింది.

చెరుకు ఆడే రోజుల్లో నూకాలు తండ్రి పిల్లను మాన్పించి, గానుగ దగ్గర బెల్లం పొయ్యిలోకి పిప్పి ఎగదోయడానికి కూర్చోబెట్టాడు. మామ్మ ఉయ్యాలల్ని తోటి ముసలమ్మలకు అప్పగించి నేరుగా అక్కడికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. పిల్లను పక్కకు జరిపి పొయ్యి ముందు తనే కూర్చుంది.

"లే మామ్మా, పొగ నీకు పడదు" అన్నాడతను.

"గుంటకి పడతాదేటి? దాని పని నాను సేస్తాను. అది బడికెళ్తాది."

దగ్గుతూనే పిప్పి తోసింది. కళ్లు ఎర్రబడ్డాయి. బండ్లవాళ్లు పని మాని చూస్తున్నారు. చివరికి అతనే వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"రేపట్నించి పంపుతాను, నువ్వు లే."

"రేపేటి, ఇప్పుడే పంపు."

నూకాలు మసి చేతులతోనే వచ్చి పలక పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా మళ్లీ వచ్చారు. ఆడపిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. నూకాలు చేత వాచకం చదివించారు. ఎక్కడా తడబడలేదు. అరుగు మీదికొచ్చి, "ఇదేమిటి?" అని అడిగారు.

"సిన్న తరగతండి బాబూ. ఇంకా పలకలు పట్టలేదు" అంది మామ్మ.

ఎప్పుడూ నవ్వని ఆ మనిషి గట్టిగా నవ్వి, వంగి ఒక ఉయ్యాల తనే ఊపారు. బడి నిలిచింది. తర్వాత రెండో మేస్టరు కూడా వచ్చాడు. ఆ ఉయ్యాలల్లో పెరిగిన పిల్లలు బడిలో చేరేనాటికే సగం ఎక్కాలు పాడేవారు. ఉద్యోగంలో నేను ఏం సాధించానని ఎవరైనా అడిగితే, ఆ అరుగు వెనక గదిలో పాఠం చెప్పానని అంటాను.

మామ్మ అనగానే నాకొక ఉదయం కనిపిస్తుంది. నూకాలూ ఇద్దరు నేస్తాలూ చోడవరం హైస్కూలుకు మొదటిసారి బయలుదేరారు. గెడ్డలో మోకాలి లోతు నీళ్లు. పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని, ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటూ ముగ్గురూ దాటారు. ఎవరి చంకలోనూ బిడ్డ లేదు, ఒక్కరూ వెనక్కి చూడలేదు. చెరుకు తోటల మలుపులో వాళ్ల మాటలు కూడా వినబడకుండా పోయాక, ఒడ్డున నిలబడ్డ మామ్మ తనలో తనే పకపకా నవ్వింది. ఆ నవ్వుకు అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.