మా పాలు నీలంగా మారిన రోజు

మా చిన్నప్పుడు అంటే మరీ వెనక్కి కాదు... నేను ఏడో తరగతి. సైన్సు సారు ఉడికిన బంగాళాదుంప మీద అయోడిన్ చుక్క వేశారు. నల్లటి నీలం అయిపోయింది.

"ఇందులో పిండిపదార్థం ఉందిరా. అన్నంలో, గంజిలో కూడా ఉంటుంది. మనకి బలం దాంతోనే. పాలల్లో మాత్రం ఉండదు. రేపు మీ ఇళ్ళలోంచి ఏవైనా తెండి, చూద్దాం" అన్నారు.

నేను ఒక సీసాలో పాలు తీసుకెళ్ళాను. మాకు ఒక గేదె ఉండేది. మా వీధిలో పది ఇళ్ళకి మా అమ్మే పాలు పోసేది. అందరి ముందూ మా పాలు తెల్లగా నిలబడతాయని నాకు గొప్ప...

సారు చుక్క వేశారు. పాలు నీలంగా మారాయి.

వెనక బెంచీలో శీను. వాళ్ళింటికి పాలు పోసేది మేమే. "ఏరా, మీ అమ్మ మాకు గంజి కలిపి పోస్తందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

అప్పుడు తట్టింది నాకు. ముందురోజు అమ్మ నాకు ఆ సీసాలోనే ఉప్పేసిన గంజి పోసి ఇచ్చింది. అడుగున కాస్త మిగిలిపోయింది. కడగకుండానే పొద్దున్న అందులో పాలు పట్టుకొచ్చేశాను.

సీసా కడగలేదండీ... అంటే సరిపోయేది. నలుగురిలో నాకు నోరు పెగలదు. తల దించుకుని నిలబడ్డాను.

సాయంత్రం శీను వాళ్ళ నాన్నమ్మగారు అమ్మని గుమ్మం దగ్గరే ఆపేశారు.

"గంజి గేదెకి కుడితిలో పోస్తానండి. పాలల్లో ఎందుకు పోస్తానండి" అంది అమ్మ.

"ఆయ్, నువ్వు పోసేవని మేం అన్లేదమ్మా. రేపట్నించి మాకొద్దులే, అంతే."

వారం తిరిగేసరికి మిగతా ఇళ్ళూ మానేశాయి. అమ్మ నా మొహం చూసి, "నువ్వేం దిగులుపడకురా అయ్యా. ఆ సారు మందులోనే ఏదో తేడా ఉండుంటది" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

గేదెని అమ్మేశాం. నేను మళ్ళీ బడి మొహం చూడలేదు. అమ్మ ఇప్పుడు అల్లవరం వైపు రొయ్యల షెడ్డుకి వెళ్తోంది. రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలవాలి. ఇంటికొచ్చాక అన్నం కలుపుకోవడానికి వేళ్ళు వంగవు.

మా వీధిలో ఇప్పుడు అందరివీ పాకెట్ పాలే... అందులో ఏముందో ఎవరూ చుక్క వేసి చూడరు.

చెప్పాల్సిన చోట చెప్పకుండా ఉండిపోయింది మీకూ ఏదైనా ఉంటే కింద రాయండి. మా అమ్మకి చదవడం రాదు... అందుకే నేను ఇక్కడ రాయగలిగాను.