చెల్లని పది రూపాయల బిళ్ల

బ్యాంకులో డబ్బు ఉంటుందని జనం అనుకుంటారు. ఉండదు. ఉద్యోగమంతా క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. ఉన్న డబ్బంతా ఉన్నచోటే ఉంటే దాన్ని ఇనప్పెట్టె అంటారు, బ్యాంకు అనరు. మీరు పొద్దున కట్టిన పైసలు మర్నాటికి ఎవరింట్లోనో కుట్టుమిషన్ అయిపోతాయి, ఇంకెవరి దుకాణంలోనో అద్దాల బీరువా అయి కూర్చుంటాయి. అందరూ ఒక్కరోజే వచ్చి మాది మాకిమ్మంటే రాజుల ఖజానా అయినా చేతులెత్తేస్తుంది. వెనకటి సాహుకార్లలో కొందరు, అప్పు తీసుకున్న దొరలు ఎగ్గొట్టినందుకు మునిగారు. ఇంకొందరు, వీళ్లు మునుగుతున్నారని బజారు నమ్మినందుకే మునిగారు. ఈ రెండో రకం చావును ఒక మంగళవారం నేను దగ్గర్నుంచి చూశాను.

మాది పత్తర్‌గట్టి రాతి కమాన్లలో ఒకదాని కింద చిన్న సహకార బ్యాంకు. ఒక పక్క ముత్యాల దుకాణం, ఇంకో పక్క చీరల దుకాణం. మా బోర్డు తుప్పు పట్టిందని మేనేజరుగారు సోమవారం సాయంత్రం దాన్ని దింపించి రంగుకు పంపారు. పంపితే పంపారు, గుమ్మం మీద ఒక కాగితం ముక్క అంటించాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. అంతా డిగ్రీలు చదివినవాళ్లమే! ఆ నెలలోనే వేరే ఊళ్లో మాలాంటి బ్యాంకు ఒకటి షట్టరు దించిందని జనమంతా చెప్పుకుంటున్నారు. ఇంకేం కావాలి? మంగళవారం తెల్లారేసరికి బోర్డులేని మా కమాను ఫొటో అందరి ఫోన్లలోకీ చేరింది. మేం తాళం తీసేసరికి వరస ముత్యాల దుకాణం దాటిపోయింది.

వరసలో మొదటివాడు పక్క చీరల దుకాణం ఆసామి. ఆయన దుకాణంలో ఉన్న సరుకులో సగం మా అప్పుతో కొన్నదే. వెనక నిలబడ్డ వాళ్ల డబ్బే ఆయన దుకాణంలో చీరలై వేలాడుతోందన్న మాట. అది ఆయనకు చెప్పి లాభం లేదు.

"క్యా సాబ్, బోర్డు ఎత్తుకపోయిన్రు. ఇగ మిమ్మల్ని ఎప్పుడు ఎత్తుకపోతరు?" అన్నాడు.

"రంగుకు పంపినం భాయ్."

"హా, హా. షట్టర్ దించినోళ్లు గూడ గిట్లనే అన్నరంట."

నాకు ఒళ్లు మండింది. మండినా నోట్లు ఇవ్వక తప్పదు కాబట్టి, అందరికీ అందేలా తలా కొంత ఇస్తూ పోయాను. మిగతాదాని కోసం ఆయన అక్కడే నిలబడ్డాడు.

నా గుబులు నాకుంది. మా బాపు యాకుత్‌పురాలో ఒక చిన్న గుడిలో పూజారి. రెండు కళ్లకూ పొర కమ్మింది. మంత్రాలకు కళ్లతో పని లేదు కానీ హారతి వెలిగించేటప్పుడు వత్తి కోసం తడుముకుని రెండుసార్లు వేళ్లు కాల్చుకున్నాడు. ఆపరేషన్‌కని ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బంతా మా బ్యాంకులోనే ఉంది. కొడుకు ఉన్న బ్యాంకు కంటే భద్రమైనది ఏముంటుందని ఆయన ధీమా. గురువారం ఆ డబ్బు ఆసుపత్రిలో కట్టాలి. కట్టకపోతే మా వంతు ఇంకొకరికి పోతుంది, మళ్లీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేమన్నారు.

పదకొండు కాకముందే నోట్లు అడుగంటాయి. పెద్ద బ్రాంచి నుంచి బయల్దేరిన డబ్బుల బండి నయాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. చివరి కట్ట ఒకటి నా డ్రాయర్‌లో ఉంచి, "ఎవరికైనా ప్రాణం మీదికొస్తేనే తియ్యి" అన్నారు మేనేజరుగారు. ఆ తర్వాత స్ట్రాంగ్‌రూమ్‌లోని మూటల సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

అవి పది రూపాయల బిళ్లలు. మా ఊళ్లో పది రూపాయల బిళ్ల చెల్లదు. చెల్లదని సర్కారు ఎన్నడూ అనలేదు, చెల్లుతుందనే అంటుంది. అయినా కిరాణావాడు తీసుకోడు, ఆటోవాడు తీసుకోడు. దొంగబిళ్లలు వచ్చాయని ఎప్పుడో ఎవడో పుట్టించిన మాట అట్లా స్థిరపడిపోయింది. చేతికొచ్చిన బిళ్లను ఎక్కడ వదిలించుకోవాలి? దేవుడి పళ్లెంలో. దేవుడు వద్దనడు కదా! పళ్లెంలో పడ్డవాటిని బాపు గుడ్డసంచిలో పోసుకుని ప్రతి మంగళవారం నా కౌంటరుకు మోసుకొస్తాడు. గుడి ఖాతాలో జమచేసి నేను మూట కట్టి లోపల పెడతాను. ఎవరికిచ్చినా మొహాన కొడతారు. "నీ దేవునికి నోట్లు తెల్వయా బాపూ?" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో!

మేనేజరుగారు కుర్చీ ఎక్కి నిలబడ్డారు. "నోట్లు వస్తున్నయి. అప్పటిదాంక బిళ్లలిస్తం. ఎవరికెంత గావాల్నో తీస్కపోండ్రి!"

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. "అరె, అవి నై చల్తే సాబ్! బజార్ల ఎవడు తీస్కుంటడు?"

"తీస్కోనిది మీరే గదా!" అని నేను కూడా అరిచేశాను. "మీ దుకాణాల్ల మీరు తీస్కోండ్రి, అన్నీ చెల్తయి!"

చీరల ఆసామికి రోషం వచ్చి, తన సొమ్ములో మిగిలిన భాగానికి ఒక మూట మోసుకుపోయాడు. మిగతావాళ్లు అటూ ఇటూ తేల్చుకోలేక నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు నా కిటికీ ముందుకు బాపు వచ్చాడు. ఆయన నా తండ్రని ఆ వరసలో సగం మందికి తెలుసు. అందరూ మెడలు సాచి చూశారు. క్యాషియర్ కన్నతండ్రే సొమ్ము తీసుకున్నాడంటే ఇక మమ్మల్ని దేవుడు కూడా కాపాడలేడు. అది తెలిసీ నా చెయ్యి డ్రాయర్‌లోకి పోయింది. గురువారం ఇంకెంతో దూరం లేదు. కట్ట నా వేళ్లకు తగిలింది.

బాపు గుడ్డసంచి ఎత్తి కౌంటర్ మీద పెట్టాడు. "రాస్కో," అన్నాడు. ఎప్పటిలాగే బిళ్లలు.

నేను లెక్కపెడుతుంటే బాపు వెనకనుంచి పూలమ్మే ఆమె గొంతు వినిపించింది: "పంతులే పెడ్తుంటె మనకేంది ఫికర్? నడువుండ్రి, గిరాకీ పోతది." ఆమె వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. కాసేపటికి చీరల ఆసామి చెమటలు కక్కుతూ మూటతో తిరిగొచ్చాడు. ఛాయ్‌వాడు కూడా ఒక్క బిళ్ల ముట్టుకోలేదట. "జమ చేస్కోండి సాబ్," అన్నాడు చిన్నబుచ్చుకుని. పరువుగల వ్యాపారి తిరిగొచ్చి డబ్బు కట్టడం వరసంతా చూసింది. రెండు పుకార్లు మా కౌంటర్ దగ్గర కుస్తీ పట్టాయి, బిళ్ల చెల్లదన్న పాతది గెలిచింది. బండి వచ్చేసరికి అడిగేవాళ్లు పదిమంది కూడా లేరు. మర్నాడు బోర్డు కూడా వచ్చింది, పచ్చరంగుతో.

గురువారం డబ్బు కట్టాం. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు, నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను.

"బాపూ, ఆ మంగళారం లొల్లి నీకు ఎవ్వరు చెప్పలేదా?"

"చెప్పకేం? పొద్దుగాల గుళ్లెనే చెప్పిన్రు. పైసలు తీస్కుందామనే వచ్చిన. సంచి ఎట్లనో చేతిల ఉండె."

"మరి ఎందుకు అడగలె?"

"అడిగితె నువ్విస్తుంటివి. అందరికి బిళ్లలిచ్చి నాకు నోట్లిస్తుంటివి. ఎనక ఆ పూలామె నిలవడ్డది."

"నేనిస్తనని నీకెట్ల తెలుసు? అప్పుడు నీకు మనిషి మొకమే ఆనకపాయె."

"మొకం ఆనలేదురా," అన్నాడు బాపు. "డ్రాయర్లకు వోతున్న నీ చెయ్యి ఆనింది."